పాట ఆపిన మనిషి

బండెక్కి సరిగ్గా కూర్చోనైనా లేదు, ముసలాయన చెయ్యి చాపి పాట ఆపేశాడు.

పరశురాములుకు ఒళ్లు మండింది. ఖానాపూర్ దాటాక రోడ్డు మీద చెయ్యెత్తితే, పోనీలే పెద్దమనిషని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. పికప్పు వెనక నాట్లకు పోయే ఆడవాళ్లు కిక్కిరిసి ఉన్నారు. వాళ్లలో అతని భార్య జమున కూడా ఉంది.

"ఏంది తాతా, పాటెందుకు బంద్ జేసినవ్?"

"జర ఆగు బిడ్డా. కింద చప్పుడు ఇననియ్యి."

చప్పుడు సంగతి పరశురాములుకు తెలియనిది కాదు. పాత బండి. కొన్నాళ్లుగా అడుగున టక్కుటక్కుమంటోంది. నాట్ల కాలంలో దాన్ని షెడ్డులో పెడితే కూలీల మేస్త్రి ఇంకో బండి మాట్లాడుకుంటాడు. నాట్లయ్యాక చూద్దాంలే అని పాటల సౌండు పెంచాడు.

"గేర్ బాక్సు పాతబడ్డది తాతా, గంతే."

"బండి ఉరుకుతుండంగనే న్యూట్రల్ జెయ్యి."

చేశాడు. చప్పుడు ఆగలేదు.

"గేర్ బాక్సు గాదు. చక్రాలు తిరిగినన్ని సార్లు వస్తుంది. ఇప్పుడు గేర్లేసి తొక్కు."

తొక్కగానే అడుగున సుత్తితో కొట్టినట్టు టంగుమంది.

"ఇంతకుముందు కీసుకీసుమన్నదా?"

"అన్నది. గిప్పుడు అదే బందయింది."

"బందయింది గాదు బిడ్డా, గ్రీజు అయిపోయి అరిగింది. ఎనక చక్రాలను తిప్పే షాఫ్ట్ లేదా, దాన్ని పట్టి ఉంచే క్రాసు పోయింది. ఇగ ఊడుతది." ఆయన చెయ్యెత్తి రోడ్డు ముందుకు చూపించాడు. "ముందర గుట్ట దిగుడున్నది. ఆడోళ్లను దింపు."

"గీ వానల యాడ దింపాలె? నీకేమన్న పిచ్చా?"

స్పీడు బ్రేకరు దగ్గర బండి నెమ్మదించగానే ముసలాయన దిగి అడ్డం నిలబడ్డాడు. పరశురాములు దిగి, రెక్క పట్టి పక్కకు నెట్టాడు. ఆయన బురదలో పడ్డాడు. లేచి వచ్చి మళ్లీ బండి ముందే కూర్చున్నాడు.

"నన్ను కొట్టు బిడ్డా. ఆడోళ్లను దింపినంకనే పో."

ముందు జమున దిగింది. ఆమె వెనకాలే అందరూ.

"పెద్దమనిషి గంత మొత్తుకుంటుంటె ఇనవేంది? మేం నడిచొస్తం, నువ్వు పో."

పెళ్లామే పరాయివాడి వైపు మాట్లాడేసరికి పరశురాములుకు పౌరుషం పొడుచుకొచ్చింది. ఖాళీ బండిని విసురుగా తీసుకుపోయాడు.

గుట్ట దిగుడులోనే షాఫ్ట్ ఊడింది. దాని కొన రోడ్డులో గుచ్చుకుని బండి పల్టీ కొట్టింది. పరశురాములు చెయ్యి విరిగి బయటపడ్డాడు. ఆడవాళ్లు కూర్చునే వెనక భాగం మాత్రం నుజ్జునుజ్జయింది.

చేతి కట్టు విప్పిన రోజే ఇద్దరూ ఆయన్ని వెతుక్కుంటూ వచ్చారు. ఆయన చెయ్యెత్తిన చోట చాయ్ హోటల్ నడిపే అంతయ్యను అడిగారు.

"లక్ష్మీరాజమా? మొన్ననే పాయె. నా అన్నోళ్లు లేరు, ఊరోళ్లమే మట్టిజేసినం."

పరశురాములు బల్ల మీద కూలబడ్డాడు. "కాళ్లు మొక్కుదామని వచ్చిన. ఆయనను నెట్టేసిన్నే."

"రోజు ఎవ్వల బండైనా చెయ్యెత్తి ఎక్కుతుండె. జరంత దూరం పోయి, చప్పుడు ఇని, దిగి నడిచొస్తుండె. పిచ్చోడని అందరు నవ్వుదురు."

"మెకానిక్కా?"

"గాదు. ఎన్కట పత్తి ఏరబోయే ఆడోళ్ల బండి గా గుట్టకాడనే బోల్తవడ్డది. ఆయన పెండ్లాం సుత అండ్లనే పోయింది."

జమున కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అయ్యో! గా బండి ఎవ్వలు నడిపిండ్రు?"

అంతయ్య పొయ్యి మీది చాయ్ దించి, వాళ్ల వైపు చూడకుండా అన్నాడు.

"ఆయననే బిడ్డా; కింద చప్పుడైతుంది ఆపుమని ఆమె ఎనకనుంచి మొత్తుకుంటనే ఉన్నదట, పాట సౌండుల ఆయనకు ఇనవడలే."