ఆగని సాంచలు

"బందున్న సాంచలు టీవీల చూపిస్తవా? పార్టీ ముంగట నా ఇజ్జత్ తీస్తవా పిల్లా?"

నరహరి సేట్ కేకకు సంగీత మౌస్ మీంచి చెయ్యి తీసేసింది. ఎదురుగా గోడకున్న పెద్ద టీవీలో కార్ఖానా డాష్‌బోర్డు వెలుగుతోంది. ఒక పక్క రంగుల గీతలు. ఎరుపు అపశకునమని సేట్ వాటన్నింటినీ ఆకుపచ్చ చేయించాడు. నడుమ వీడియో ప్లేయర్ విడ్జెట్. అందులో వెనక షెడ్డు లైవ్‌గా కనిపిస్తోంది. సేట్ సాంచలనే ఆ మరమగ్గాలన్నీ గుడ్డలు కప్పుకుని హాయిగా పడుకున్నాయి. వాటిని నడిపేవాళ్లు పెళ్లిళ్లకని సొంతూరు జగిత్యాల పోయి, ఈ సూరత్ అనే ఊరొకటి ఉందన్న సంగతే మరిచిపోయారు.

"కెమెరా ముంగట ఏముంటే గదే కనవడ్తది సేట్."

"ఉన్నది చూసుటానికి కిటికీ సాలదా? ఇంత పెద్ద టీవీ ఎందుకు, నువ్వెందుకు?"

నిజమే, అనుకుంది సంగీత.

వచ్చే పార్టీ శ్యాంసుందర్. రింగ్ రోడ్డు మార్కెట్‌లో పెద్ద బట్టల వ్యాపారి. ఆయన ఆర్డరిచ్చిన బట్టల మాల్ ఈ షెడ్డులోనే రాత్రింబవళ్లు నేయిస్తున్నానని సేట్ ఫోన్‌లో ఒట్లు పెట్టుకుంటూ వచ్చాడు. దుమ్ములో తిరగడమెందుకు, ఏసీ గదిలో కూచుని చూద్దురు రమ్మని పిలిచింది కూడా సేటే.

"హోలీ ముంగటి రికార్డింగ్ ఉన్నది గద, గది పెట్టు."

"మోసం అయితది సేట్!"

"మోసం గాదు, సెట్టింగ్! చేతకాకుంటే రేపటి సంది కొల్వుకు రాకు. మన లింబాయత్ బస్తీల కంప్యూటర్ నేర్సిన పోరీలు గల్లీ గల్లీకి ఉన్నరు."

సంగీత కొలువులో చేరి ఇంకా నెల నిండలేదు. 'మా బిడ్డది ఏసీ కొల్వు' అని తల్లి లలితమ్మ గల్లీలో చెప్పని గడప లేదు. ఇప్పుడు ఆ గడపలన్నీ దాటుకుంటూ ఏ ముఖంతో ఇంటికి పోవాలి? పళ్లు కొరుక్కుని విడ్జెట్ సెట్టింగులు తెరిచింది. లైవ్ లింకు పీకేసి పాత వీడియో తగిలించింది. దానంతట అదే మొదలయ్యేలా ఆటోప్లే పెట్టింది. అయిపోగానే మళ్లీ మొదటికొచ్చేలా లూప్ పెట్టింది. ఆపే బటన్లు దాచేసింది.

"చప్పుడు సేట్?"

"మ్యూట్ చెయ్. ముంగటి షెడ్ల నడుస్తనే ఉన్నయ్ గద, గా చప్పుడు సాలు. పైన లైవ్ అని రాయి, ఎర్రగ."

"ఎరుపు అపశకునమంటిరి?"

"లైవ్‌కు దోషం లేదు."

ఇక వీడియో మూలలో కెమెరా వేసిన తేదీ ఒక్కటి మిగిలింది. అది ఏ సెట్టింగుకూ లొంగలేదు. సేట్ బుర్ర ఊరికే ఉందా? గుమ్మానికి కట్టిన నిమ్మకాయ, మిరపకాయల దండ తెంపుకొచ్చి సరిగ్గా ఆ మూల మీద వేలాడేశాడు.

"టీవీకి దిష్టి తగల్కుంట!" అని మురిసిపోయాడు. "కరెంటు పోయినా ఫికర్ లేదు, ఇన్వర్టర్‌కు కలిపిచ్చిన. మన టీవీ ఆగే ముచ్చటే లేదు."

దూరాలోచన అంటే అదీ!

శ్యాంసుందర్ వచ్చాడు. ఏసీ కింద కూచుని సూరత్ ఫలహారం లోచో వేడివేడిగా తింటూ టీవీ చూశాడు. గోడ అవతల ముందు షెడ్డు మగ్గాలు దడదడలాడుతున్నాయి. తెర మీద మగ్గాలు గడగడా నేస్తున్నాయి.

"మస్తు నడుస్తున్నయే!"

"మరి? మీ మాల్ అంటే మాటలా భాయ్!"

"గా ఎర్రంగి ఆయన ఊకె తల గోక్కుంటడేంది?"

"పేలు," అన్నాడు సేట్ తడుముకోకుండా.

సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది.

ఏసీ ఆగింది. ముందు షెడ్డు దడదడ కత్తితో కోసినట్టు తెగింది. కార్ఖానాలో చీమ చిటుక్కుమంటే వినిపించేంత నిశ్శబ్దం. టీవీలో మాత్రం మగ్గాలు ఇందాకటికన్నా హుషారుగా నేస్తున్నాయి. ఎర్రంగి ఆయన మళ్లీ తల గోక్కున్నాడు. పైన 'లైవ్' ఎర్రగా వెలిగిపోతోంది.

శ్యాంసుందర్ ప్లేటు కింద పెట్టాడు. లేచి వెళ్లి, నిమ్మకాయల దండను పక్కకు జరిపి, తేదీ చదివాడు.

"హోలీ ముంగటిదా?"

"నాకేం ఎరుక భాయ్! కంప్యూటర్ పనంత గీ పిల్లదే!" నరహరి సేట్ ఒక్క ఎగురు ఎగిరాడు. "ఏం పని పిల్లా ఇది? నమ్మిన పార్టీని మోసం జేస్తవా? పో, ఇయాల్టి సంది నీ కొల్వు బంద్!"

సంగీతకు ఒళ్లు మండిపోయింది. నాలుగు మాటలు అడిగేద్దామనుకుంటే నోటికన్నా ముందు కళ్లు తడిశాయి. బ్యాగు భుజాన వేసుకుని బయటపడింది. అమ్మకు ఏం చెప్పాలో తోచక గేటు దగ్గర షేర్ ఆటో కోసం నిలబడింది.

కారొకటి పక్కకొచ్చి ఆగింది. లోపల శ్యాంసుందర్. తిట్లు తప్పవని సంగీత తల దించుకుంది.

"మీ సేట్ నా మాల్ నెయ్యకపాయె," అన్నాడాయన అద్దం దించి. "నా గోదాం ఖాళీగున్నది. ఎల్లుండి ముంబై పార్టీ చూడనీకి వస్తున్నది."

"మాఫ్ చెయ్యిండ్రి సేట్, ఆయన చెప్తెనే..."

"గదంత నాకు ఎరికే. దీపావళికి గోదాం నిండుగున్నప్పటి వీడియో నా దగ్గరున్నది." ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "పొద్దుగాల వచ్చి కొల్వుల చేరు బిడ్డా. అంత గిట్లనే పెట్టు. గని ఒక్కటి యాదుంచుకో, కరెంటు పోతే మా టీవీ గూడ పోవాలె!"