పని లేని కుక్క

అడవిలో జబ్బుపడ్డ జంతువులన్నీ ఎలుగుబంటి వైద్యుడి గుహకే వచ్చేవి. అక్కడ చుక్కి అనే కుక్క ఉండేది. అది మందు నూరేది కాదు, కట్టు కట్టేది కాదు. రోగుల పక్కన పడుకుని, వాళ్ళు చెప్పుకునేది వినేది, అంతే.

ఎలుగుకి అది నచ్చలేదు. "ఇది వైద్యశాల, సత్రం కాదు. పని లేనివాళ్ళకి ఇక్కడ చోటు లేదు," అన్నాడు. చుక్కి తల వంచుకుని వెళ్ళిపోయింది.

మర్నాటి నుంచి కాలు విరిగిన ముసలి లేడి మందు ముట్టలేదు.

"నిన్నటిదాకా తాగిన మందే కదమ్మా ఇది?" అన్నాడు ఎలుగు.

"చుక్కి పక్కనుంటే బతకాలనిపించేదయ్యా. అందుకే తాగేదాన్ని," అంది లేడి.

ఎలుగు ఇంకా ఘాటైన మందు నూరాడు. అయినా లేడి దక్కలేదు.

అప్పుడు ఎలుగు బయల్దేరి, అడవంతా గాలించి, ఏటి ఒడ్డున చుక్కిని కలుసుకున్నాడు. అతను నోరు తెరవకముందే, "లేడమ్మ లేచి నడుస్తోందా?" అని ఆశగా అడిగింది చుక్కి.

ఎలుగు అక్కడే కూలబడ్డాడు. చుక్కికి అర్థమైంది. దగ్గరికి వచ్చి అతని పక్కన పడుకుంది. ఆ వెచ్చదనం తగిలాక గానీ ఎలుగుకి ఏడుపు రాలేదు.