రెండు మిల్లీమీటర్లు

టీచరమ్మ ముందు ఇంకా పదకొండు పేపర్లున్నాయి. మెడ మధ్యాహ్నమే చేతులెత్తేసింది. కళ్ళు కూడా అదే దారిలో ఉన్నాయి.

పదో తరగతి సోషల్ పేపర్లు దిద్దే హాలు అది. మనిషికి రోజుకి నలభై. ప్రజాస్వామ్యం అంటే ఏమిటో పొద్దుట్నుంచి ఇరవై తొమ్మిదిసార్లు చదివింది. ఇరవై తొమ్మిదిసార్లూ ఒకే గైడు మాట్లాడింది.

హాల్లో ఆవిడకో పేరుంది. రెండు మిల్లీమీటర్ల మేడం. మ్యాపులో చుక్క ఆ మాత్రం పక్కకి జరిగినా అర మార్కు కోసేస్తుంది. స్కేలు పెట్టి మరీ.

"ఈవిడ చేతిలో పడ్డ పేపరుకి ఇక దేవుడే దిక్కు" అంటుంది పక్క సీటావిడ, వినపడేలాగే.

ముప్ఫయ్యో పేపరు. కూడితే ముప్ఫై నాలుగు. పాసవ్వాలంటే ముప్ఫై అయిదు. మిగిలింది మ్యాపులో ఒక్క మార్కు ప్రశ్న. నది ఒడ్డున ఉన్న ఏదైనా ఒక ఊరిని గుర్తించి పేరు రాయండి.

ఊళ్ళకేం కరువు? నది పొడుగునా ఉన్నాయి. ఈ పిల్ల మాత్రం తీసుకెళ్ళి తీసుకెళ్ళి రిజర్వాయరు నడిమధ్యలో పెట్టింది చుక్క. పక్కన గుండ్రటి అక్షరాలతో ఏదో పేరు.

ఆ రిజర్వాయరుకి ఇరవై ఆరేళ్ళుగా క్లాసులో నీలం రంగు వేయిస్తోంది టీచరమ్మ. గీత దాటకుండా, ఎక్కడా తెలుపు మిగలకుండా.

కళ్ళజోడు తీసి తుడుచుకుంది. పెట్టుకుంది. మళ్ళీ తీసింది.

"ఏంటి మేడం, కునుకు పడుతోందా?" హాలుకి పెద్దయిన చీఫ్ ఎగ్జామినరు వెనకనుంచి వంగి చూసి పకపకా నవ్వాడు. "నీళ్ళలో ఊరేంటండీ! చేపలకేమన్నా ఎన్నికలు జరుగుతాయా? సున్నా వేసి అవతల పడేయండి."

"సున్నా వేస్తే ఫెయిలవుతుంది సార్."

"ఈ మాట మీరంటున్నారా?"

పక్క సీటావిడకి జాలేసింది. "డ్యాం కట్టకముందు ఏవో ఊళ్ళుండేవట సార్. వాళ్ళ అమ్మమ్మ చెప్పుంటుంది పాపం. ఒకటి వేసెయ్యండక్కా, ఏం పోయింది?"

"ఉండేవట అంటే కుదరదు. బోర్డు ఇచ్చిన జవాబుల కీలో లేదు" అన్నాడు చీఫ్.

టీచరమ్మ స్కేలు తీసి చుక్క పక్కన పెట్టింది.

"ఇక్కడ కూడా కొలతలేనా తల్లీ!" పక్క సీటావిడ తల కొట్టుకుంది.

కొలిచింది. ఎర్ర పెన్నుతో అర మార్కు వేసింది. ముప్ఫై నాలుగున్నర. అర వస్తే పైకి లెక్కేస్తారు. ఆ హాల్లో ఉన్న దయంతా ఆ ఒక్క రూలే. పిల్ల గట్టెక్కింది.

చీఫ్‌కి ఒళ్ళు మండింది. "ఊరుందనుకుంటే ఒకటి వెయ్యాలి, లేదనుకుంటే సున్నా వెయ్యాలి. మధ్యలో ఈ అరేంటి? రేపు పైవాళ్ళడిగితే ఏం చెప్పమంటారు నన్ను?"

టీచరమ్మ ముప్ఫై ఒకటో పేపరు ముందుకి లాక్కుంటూ, తలెత్తకుండానే చెప్పింది.

"చుక్క రెండు మిల్లీమీటర్లు పక్కకి పడింది సార్, మా ఊరు ఇవతలి ఒడ్డున ఉండేది."