ఉప్పు బ్యాటరీ

"సూడు బావా! ఉప్పులోంచి తీసిన సోడియంతో, గంధకంతో నేను చేసిన బ్యాటరీ. ఈ ఫ్యాను దాంతోనే తిరుగుతున్నాది. రేపు దేశమంతా..."

ఫ్యాను ఆగిపోయింది. నా గొప్పలు మాత్రం ఇంకో రెండు ముక్కలు నడిచాకే ఆగాయి.

విజయనగరంలో మా కాలేజీ ల్యాబు మళ్లీ చూద్దామని నౌపడ ఉప్పుమడుల నుంచి వచ్చిన ధనరాజ్ బావ, ఖాళీ టీ గ్లాసు కింద పెట్టాడు.

"ఇన్నేళ్ల పరిశోధన ఇదీ! విసనకర్రలు అల్లుకున్నా బాగుండేది" అన్నాను.

"అదేటే శైలూ! పోయినసారి నేను కుర్సీలో కూకోకముందే ఆగిపోనాది. ఇప్పుడు టీ అంతా తాగేసినాను కదా!"

ఇన్నాళ్లూ అది ఆగడమే చూశాను. ఎంతసేపు తిరిగిందో చూసినవాడు బావే.

బ్యాటరీని మళ్లీ ఛార్జింగులో పెట్టాను.

"ఈసారి భోజనానికి రా బావా" అన్నాను.