జుబేదా టీచరుకి దొంగ వేషం

టీవీలు పోయి కథల గోడలొచ్చిన కాలమండీ అది. ఏ అపార్ట్‌మెంటుకి ఆ అపార్ట్‌మెంటు మనుషుల్నే పెట్టి గోడ రోజూ ఒక సీరియల్ అల్లేది. హైదరాబాదులో ఒకచోట, మూడో అంతస్తు జుబేదా టీచరుకి మాత్రం ఎప్పుడూ దొంగ వేషమే. ఆవిడ ముత్తాతలు ఆఫ్రికా నుంచి వచ్చిన సిద్దీలు. బళ్ళో పిల్లలు కూడా "దొంగ టీచర్" అనడం మొదలెట్టేసరికి ఆవిడకి ఒళ్ళు మండింది.

ఆదివారం మీటింగులో అందరి ముందే అడిగేసింది. "ఏమ్మా గోడా, ఈ వేషం నాకే ఎందుకు?"

"గోడ బుద్ధే అంత టీచర్ గారూ, మేమలాంటోళ్ళం కాదు" అన్నాడు ప్రెసిడెంటు వీర్రాజు.

"నేను మిమ్మల్ని చూసే రాస్తున్నానండీ" అంది గోడ. "టీచర్ గారు లిఫ్టెక్కితే మీరు బ్యాగు గట్టిగా పట్టుకుంటారు. మిగతావాళ్ళు దిగిపోతారు."



"అయితే రేపట్నుంచి అందరూ నాతోనే ఎక్కండి. లేదా మెట్లెక్కి చావండి!" అంది జుబేదా.

మొదటి వారం మొహమాటానికి ఎక్కారు. తర్వాత ఆవిడ కబుర్ల కోసం ఎగబడ్డారు.

రెండు నెలలకి సీరియల్లో జుబేదా కలెక్టరయ్యింది. వీర్రాజు ఆవిడకి బంట్రోతు! అపార్ట్‌మెంటంతా ఈలలే ఈలలు. అందరికంటే గట్టిగా ఈలేసింది మాత్రం కలెక్టరమ్మే.