ఐదాకుల మీద కోత

"ఈ వారం కూడా వచ్చేరు బీబీజాన్, చూడు!"

కనకరత్నం కేక విని పక్కింటి బీబీజాన్ చేతిలో చాటతోనే వచ్చింది. వాకిట్లో గోడ వారగా ఏడు కుండీలు. అన్నింట్లోనూ మోకాలెత్తు దాటని బటన్ గులాబీలే. పొద్దున వాడి వేలాడిన పూలు ఇప్పుడు లేవు. ప్రతి కాడనీ ఐదాకుల రెమ్మకి సరిగ్గా పైన, ఏటవాలుగా కత్తిరించారు. ఆకుల మీది దుమ్ము కూడా కడిగేశారు.

"గాలికి రాలిపోనాయేమో వదినా."

"గాలి ఏటవాలుగా కోస్తాదేటి? ఇది మా ఆయన చెయ్యే."

బీబీజాన్ కొంగు తలమీదకి లాక్కుంది. "దర్గా కాడ తాయెత్తు కట్టించి తెత్తాను. నాకు బయమేత్తంది."

"మొగుడికి బయపడతారేటే!" నవ్వింది కనకరత్నం. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

అబ్బులు పోయి ఎనిమిది నెలలు. పోర్టులో క్రేన్ నడిపినవాడు, ఇంటికొస్తే ఈ కుండీల దగ్గరే చతికిలబడేవాడు. "వాడిన పువ్వుని వదిలేస్తే గింజకట్టి పూత ఆపేత్తాది. ఎప్పటికప్పుడు కోసేస్తే ఏడాదంతా పూస్తాది" అనేవాడు. కుండీల పక్కన గోడ గూట్లో ఉండే కత్తెర మాత్రం ఆమెని ముట్టుకోనిచ్చేవాడు కాదు. "నీ చేతికి రాదులే, పోపు మాడుతోంది చూసుకో" అని ఏడిపించేవాడు.

ప్రతి శనివారం బుట్టనిండా తాజా పూలు కోసుకుని సింహాచలం వెళ్లేవాడు. స్వామికి మొక్కట. పదకొండేళ్లు, వాన పడినా మానలేదు. చీకటి పడే వేళకి తిరిగొచ్చేవాడు. నుదుట బొట్టేదని అడిగితే చెమటకి చెరిగిందనేవాడు.

ఆయన పోయాక ఆ మొక్కు కనకరత్నం అందుకుంది. శనివారం పొద్దున్నే పూలు కోసి మల్కాపురంలో బస్సెక్కి, దారిలో గోపాలపట్నం దాటి కొండకి వెళ్లేది. "మా ఆయన పదకొండేళ్లు తెచ్చేరండీ, గుర్తున్నారా?" అని పూజారిగారిని అడిగింది ఒకసారి. "రోజుకి ఎందరొస్తారమ్మా!" అన్నారాయన.

కొండ దిగి ఇంటికొచ్చేసరికి కుండీలు ఇలా ఉండేవి. శనివారం తప్ప మరే రోజూ ఇలా జరగలేదు. తను మొక్కు తీరుస్తున్నందుకు ఆయన మురిసిపోయి వస్తున్నాడనుకుంది కనకరత్నం. వాకిట్లో ఎక్కడో ఉన్నాడన్న నమ్మకంతో, రాత్రుళ్లు తలుపు దగ్గరగా మంచం వేసుకునేది.

తమ్ముడు శ్రీనివాసరావు ఫోన్ చేశాడు. "సోమవారం వ్యాన్ తెస్తన్నానక్కా. అమలాపురం వచ్చెయ్యి. ఇల్లు ఖాళీ చేసేద్దాం."

"మీ బావగారు..." అని ఆగిపోయింది.

"బావ లేడక్కా!"

తను వెళ్లిపోతే, ఆయన వచ్చి ఖాళీ వాకిలి చూసుకోవాలి కదా? ఒక్కసారి కళ్లారా చూస్తే చాలు, నీడైనా చాలు. అప్పుడు తమ్ముడికి రానని చెప్పెయ్యొచ్చు.

శనివారం ఎప్పటిలాగే తలుపుకి తాళం వేసి, బుట్ట పట్టుకుని బస్టాపుకి వెళ్లింది. బస్సొచ్చింది. ఎక్కలేదు. కాసేపు నిలబడి వెనక్కి నడిచింది.

గేటు గడియ తీసి ఉంది. లోపల కత్తెర చప్పుడు.

"ఏమండీ..." అని పిలిచింది.

ఐదో కుండీ దగ్గర కూర్చున్న ఆడమనిషి ఉలిక్కిపడి లేచింది. యాభై ఏళ్లుంటాయి. చేతిలో అబ్బులు కత్తెర.

"దొంగతనానికి రానేదక్కా," అంది గాబరాగా. "నువ్వు శనివారం ఇంట్లో ఉండవని... కొయ్యకపోతే పూత ఆపేత్తాయని..."

కనకరత్నం మెట్టు మీద కూలబడింది. ఎనిమిది నెలల ఆశ, అంతా ఈ మనిషేనా! ఏడుపొచ్చింది. ఆ మనిషి కోసిన కాడ చేతిలోకి తీసుకుంది. ఐదాకుల మీద, అదే ఏటవాలు.

"ఈ కోత నీకెవరు నేర్పారమ్మా?"

"ఆయనే."

కనకరత్నం ముఖం తేటపడింది. ఎంత మంచివాడు! భక్తులకీ నేర్పాడన్నమాట. బుట్టలోంచి ఒక పువ్వు తీసి ఆమెకిచ్చింది.

"సింహాచలంలో, గుళ్లో పరిచయమా?"

ఆమె ఆ పువ్వుని కళ్లకద్దుకుని, తల అడ్డంగా ఊపింది.

"ఆయన గోపాలపట్నంలోనే దిగిపోయేవోరక్కా."