పేరు రాయని చీటీ

పక్కింటి నర్సు గడ్డి గులాబీలను చంపేయాలని హెడ్మాస్టరుగారు నిర్ణయించుకున్నారు.

రిటైరై ఏడేళ్ళు. ఏడేళ్ళూ కాలనీ పూల పోటీలో కప్పు ఆయనదే. ఆయన గేటు పక్క మడిలో నేలకు అంటుకుని పాకే ఆ మొక్కలు, ఎండ పడగానే గుప్పున విచ్చుకునేవి. కప్పు అందుకున్నాక ఆయన మైకు వదిలేవారు కాదు. ఎండ ఎంత కావాలో, ఇసుక ఎంత కలపాలో, తన కష్టం ఎంతో అరగంట చెప్పేవారు. భార్య వెనక వరసలో కూర్చుని చప్పట్లు కొట్టేది.

ఈ ఏడు పక్కింట్లో దిగిన నర్సు కూడా మడి వేసింది. పైగా గోడ మీంచి సలహా అడిగింది.

"మాస్టారూ, వీటిని ఎలా పెంచాలో కాస్త చెప్తారా?"

"చెప్పడమెందుకమ్మా, రాసే ఇస్తాను."

ఆయనకు రాయడం అలవాటు. నోటితో చెబితే ఎదురు ప్రశ్న వస్తుందని ఇల్లంతా చీటీల మీదే నడిపేవారు. పాలవాడికొకటి, పేపరువాడికొకటి, భార్యకు రోజుకు పది. కూరలో ఉప్పు తగ్గించాలి. ఫ్యాను తుడవాలి.

ఆ రాత్రే చీటీ రాయడానికి కూర్చున్నారు. "మొక్కల మీద గోనెపట్టా కప్పి నీడ పట్టాలి. మూడు పూటలా నీళ్ళు నిలిచేలా పోయాలి. ఎరువు దండిగా వేయాలి." పదిహేను రోజులు ఇలా చేస్తే ఆ మొక్క కుళ్ళి చస్తుంది. రేపు దొరికిపోకూడదని ఎవరి పేరూ రాయలేదు, సంతకం పెట్టలేదు.

మర్నాడు కంటి ఆపరేషన్. "బల్ల మీద చీటీ ఉంది, సంగతి చూడు" అని భార్యకు చెప్పి ఆటో ఎక్కారు.

పదిహేను రోజులు ఎండలోకి వెళ్ళొద్దన్నాడు డాక్టరు. తెరలు దించిన గదిలో, నల్లద్దాల వెనక ఆయన చెవులు రిక్కించి పడుకున్నారు. మూడు పూటలా బయట నీళ్ళ చప్పుడు వినిపించేది. పక్కింటి పిచ్చి మొహం, ఒక్క పూటా మానదు అనుకుని మురిసిపోయేవారు.

పోటీ రోజు పొద్దున అద్దాలు తీసి గేటు దగ్గరకు వచ్చారు. తన మడిలో గోనెపట్టా, దాని కింద బురద, కంపు. గోడకు అవతల నర్సు మడి ఎరుపూ పసుపూ విరగబూసి ఉంది.

ఆయనకు కళ్ళ నీళ్ళు తిరిగాయి. వెంటనే కానిస్టేబుల్‌ని పిలిపించారు.

"ఇది పక్కింటావిడ పనే" అన్నారు గోడ అవతలికి వేలు చూపిస్తూ. గొడవ విని నర్సు కూడా వచ్చి గోడ దగ్గర నిలబడింది.

కానిస్టేబుల్ గోనెపట్టా ఎత్తి చూశాడు. "ఎవరో చాలా పద్ధతిగా చేశారు సార్."

"నేనే చేశాను బాబూ" అంది భార్య. వంటింటి గోడకు అంటించిన చీటీ ఊడదీసి తెచ్చి అతని చేతిలో పెట్టింది.

"ఈ దస్తూరి ఎవరిది సార్?"

హెడ్మాస్టరుగారికి ఒళ్ళు మండిపోయింది. "అది పక్కింటికి ఇవ్వాల్సిన చీటీ కదే" అని అరిచారు. అరిచాక గానీ నర్సు వింటోందని గుర్తు రాలేదు.

"దాని మీద పేరు లేదుగా. ఈ ఇంట్లో పేరు లేని చీటీలన్నీ నాకే కదండీ" అంది భార్య తాపీగా. "ఆ అమ్మాయి అడిగితే మాత్రం, ఈ ఏడేళ్ళూ మన మడికి నేనేం చేస్తూ వచ్చానో అది నోటితోనే చెప్పాను."